కారులో ఎవరి పాట వారికే: పర్సనల్ ఆడియో జోన్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పండక్కి బెంగళూరు నుంచి ఊరికి బయల్దేరిన కారు దేవనహళ్లి దాటేలోపే పాట ఎవరిది పెట్టాలన్న పంచాయితీ మొదలవుతుంది. నాన్నగారికి అన్నమయ్య కీర్తనలు, పిల్లాడికి కార్టూన్, నడిపేవాళ్లకి మ్యాప్. సీటుకో పాట వినిపిస్తామని (దీన్నే పర్సనల్ ఆడియో జోన్ అంటారు) కార్ల కంపెనీలు చెప్పడం మొదలుపెట్టాక ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కార్ల ఆడియో ట్యూనింగ్ నా పని. కాబట్టి ఇచ్చిన జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## అసలు ఇదేమిటి

ఇయర్‌ఫోన్స్ లేకుండా ఒక్కో సీటుకి ఒక్కో పాట అంటున్నారు. నిజమా, యాడ్ మాటలా?

కొంతవరకు నిజం. పక్క సీటు శబ్దం తగ్గుతుంది, పూర్తిగా పోదు. తలుపు దగ్గరగా వేసిన పక్క గదిలో టీవీ మోగుతున్నట్టు ఉంటుంది: ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియాలంటే చెవి రిక్కించాలి. మీ సీట్లో కూడా ఏదో ఒకటి మోగుతుంటే అదీ పెద్దగా పట్టదు. అందుకే ఎవరిది వాళ్లు వింటూ కూర్చునే కుటుంబానికి ఇది పనికొస్తుంది. కారెక్కగానే నిద్రపోదామనుకునేవాళ్లకి మాత్రం నిరాశే.

మధ్యలో గోడ లేదు కదా, శబ్దం పక్కకి పోకుండా ఎలా ఆగుతుంది?

రెండు పనులు కలిసి జరుగుతాయి. మొదటిది దగ్గరితనం. స్పీకర్ మీ చెవికి 15 సెంటీమీటర్ల దూరంలో, పక్కవాళ్ల చెవికి 120 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇక్కడ మూడుసార్లు రెట్టింపైంది కాబట్టి 18 డెసిబెల్స్ తేడా. కారులో అద్దాలు శబ్దాన్ని తిప్పికొడతాయి, అందుకని అంత మొత్తం దక్కదు. అయినా తేలిగ్గా వచ్చే లాభం ఇదే.

రెండోది లెక్కలతో చేసే పని. ఒక స్పీకర్ పంపిన తరంగం పక్కవాళ్ల చెవి దగ్గర పైకి లేచే క్షణానికి, ఇంకో స్పీకర్ నుంచి వచ్చేది కిందికి దిగేలా పంపితే రెండూ అక్కడ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మీ చెవి దగ్గర మాత్రం కలిసి బలపడతాయి. ఇందుకోసం కారు తయారుచేసేటప్పుడే ప్రతి సీట్లో తల ఉండే చోట మైకులు పెట్టి, ఏ స్పీకర్ శబ్దం ఏ సీటుకి ఎలా చేరుతోందో కొలుస్తారు. వినిపించాల్సిన చోటుని బ్రైట్ జోన్ అనీ, వినిపించకూడని చోటుని డార్క్ జోన్ అనీ అంటారు. ఈ రెండింటి మధ్య తేడాని వీలైనంత పెంచే లెక్కని చోయ్, కిమ్ అనే కొరియా పరిశోధకులు 2002లో ప్రచురించారు. ఇవాళ్టికీ ఈ రంగంలో చాలా పని అక్కడి నుంచే మొదలవుతుంది.

బ్రోచర్‌లో 'అడాప్టివ్' అని ఉంది. ఏది దేనికి తగ్గట్టు మారుతుంది?

ఫ్యాక్టరీలో కొలిచినప్పుడు ఉన్న కారు, మీరు నడిపే కారు ఒకటి కాదు. సీటు వెనక్కి జరుగుతుంది, మనుషులు పెరుగుతారు, తలలు కదులుతాయి, ఎండకి క్యాబిన్ వేడెక్కుతుంది. వీటిలో ప్రతిదీ శబ్దం చెవికి చేరే దారిని కొద్దిగా మారుస్తుంది. అడాప్టివ్ సిస్టమ్ ఈ మార్పుని గమనించి స్పీకర్లకి పంపే సిగ్నల్‌ని సవరించుకుంటుంది. కొన్ని కార్లలో సీటు ఏ పొజిషన్‌లో ఉంది, ఎవరు కూర్చున్నారు అన్నది చూసి ముందే దాచిపెట్టిన సెట్టింగుల్లో ఒకటి ఎంచుకుంటారు. ఇంకాస్త ముందుకెళ్తే రూఫ్‌లోనో హెడ్‌రెస్ట్‌లోనో ఉన్న మైకులు వింటూ ఎప్పటికప్పుడు సరిచేస్తాయి, లేదా కెమెరా మీ తల ఎక్కడుందో చూస్తుంది. అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. కాబట్టి 'దేన్ని చూసి మారుతుంది?' అని తప్పకుండా అడగండి.

పాట ఆగుతోంది సరే, బేస్ మాత్రం అందరికీ ఎందుకు దడదడమంటుంది?

బేస్ ఉండే 100 హెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. చిన్న కారు క్యాబిన్‌లో అది పూర్తిగా పట్టదు. కాబట్టి సబ్ వూఫర్ కొట్టినప్పుడు క్యాబిన్‌లో గాలి మొత్తం దాదాపు ఒకేసారి ఒత్తుకుంటుంది, వదులవుతుంది. ఒక చోట ఉంచి, అర మీటరు పక్కన తీసేయడం చాలా కష్టం. హెడ్‌రెస్ట్‌లో పట్టే చిన్న స్పీకర్లకి అంత బేస్ ఇచ్చే శక్తీ లేదు. చాలా సిస్టమ్స్ జోన్ మోడ్‌లో బేస్‌ని తగ్గించేసి గడుపుకొస్తాయి. డప్పు, తీన్మార్ పాటలు వినేవాళ్లకి జోన్ మోడ్ చప్పగా అనిపించేది ఇందుకే.

సన్నటి శబ్దాల (ట్రెబుల్) దగ్గర ఇంకో ఇబ్బంది. 10,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3.4 సెంటీమీటర్లే. తల ఒక అంగుళం కదిలితే చెరిపేసే లెక్క తప్పుతుంది. అక్కడ లెక్కల కన్నా స్పీకర్ ఎటు తిరిగి ఉందన్నదే ముఖ్యం.

ఇది ఇప్పుడే పుట్టిన టెక్నాలజీనా?

కాదు. శబ్దాన్ని శబ్దంతోనే చెరిపేయవచ్చన్న ఆలోచనకి పాల్ లూగ్ 1936లోనే అమెరికా పేటెంట్ పొందారు. ఓల్సన్, మే అనే ఇద్దరు ఇంజినీర్లు 1953లో, సీటులో తల దగ్గర మైకూ స్పీకరూ పెట్టి అక్కడ రొద తగ్గించే ఏర్పాటు గురించి రాశారు. 1984 పాంటియాక్ ఫియరో కారుకి హెడ్‌రెస్ట్ స్పీకర్లు ఉండేవి. సీటు సీటుకీ శబ్దాన్ని విడదీసే సిస్టమ్‌ని హ్యుందాయ్ 2018లో ప్రకటించింది. ఆలోచన పాతదే, వేగంగా లెక్కలు కట్టే చిప్పులు కారులోకి చవగ్గా వచ్చింది ఈమధ్య.

## కొనే ముందు

ఈ మోడల్లో 16 స్పీకర్లు ఉన్నాయంటున్నారు. అంటే జోన్లు ఉన్నట్టేనా?

స్పీకర్ల సంఖ్యకీ జోన్లకీ సంబంధం లేదు. 2024 నవంబరులో మహీంద్రా చెన్నైలో విడుదల చేసిన ఎక్స్‌ఈవీ 9ఈలో హర్మన్ కార్డన్ 16 స్పీకర్ల సిస్టమ్, డాల్బీ అట్మాస్ ఉన్నాయి. అట్మాస్ చేసేది ఒకే పాట నలువైపుల నుంచీ వస్తున్నట్టు వినిపించడం. జోన్ పని దానికి ఉల్టా: మీ పాట మీ సీటు దాటి పోకుండా చూడటం. సేల్స్ అతన్ని స్పీకర్లు ఎన్ని అని కాకుండా ఇలా అడగండి: 'ఒకేసారి రెండు వేర్వేరు పాటలు, రెండు సీట్లలో పెట్టి చూపిస్తారా?' చూపిస్తే జోన్లు ఉన్నట్టు. లేకపోతే అది మంచి మ్యూజిక్ సిస్టమ్, అంతే.

హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు ఉంటే చాలు కదా?

సగం పని అయినట్టు. హెడ్‌రెస్ట్ స్పీకర్లని కొన్ని కార్లలో పాట మరింత విశాలంగా వినిపించడానికి మాత్రమే వాడతారు. అమెరికాలో అమ్మిన 2018 నిస్సాన్ కిక్స్‌లో డ్రైవర్ హెడ్‌రెస్ట్‌లో పెట్టిన రెండు బోస్ స్పీకర్లు అలాంటివే. జోన్ కావాలంటే ఆ స్పీకర్లకి విడిగా యాంప్లిఫైయర్ చానెల్స్, వేరే సోర్సు, పక్క సీటుకి పోయేదాన్ని చెరిపే ప్రాసెసింగ్ ఉండాలి.

షోరూమ్‌లో ఎలా టెస్ట్ చేయాలి?

వాళ్ల డెమో వినండి, కానీ దాన్ని నమ్మి సంతకం పెట్టకండి. డెమోలో సాధారణంగా ఒక సీట్లో వయొలిన్, ఇంకో సీట్లో మెత్తటి పాట పెడతారు. అవి ఒకదాంట్లో ఒకటి కలిసినా మనకి పెద్దగా బాధ అనిపించదు. మన పని చెడగొట్టేది మాట. అందులోనూ మనకి అర్థమయ్యే భాషలో మాట. కాబట్టి ఫోన్‌లో తెలుగు వార్తలు ఒక సీట్లో పెట్టించి, పక్క సీట్లో మీరు తెలుగు ప్రవచనం వినండి. రెండోది ఎంత సౌండ్ పెడితే మొదటిది మరుగున పడుతోందో చూడండి. ఆ సౌండ్ మీరు గంటలతరబడి భరించగలిగేదిగా ఉండాలి.

తర్వాత సీట్లు మారి మళ్లీ వినండి. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య విడదీయడం కొంత సులువు, మధ్యలో సీట్లు అడ్డం ఉంటాయి. వెనక ఎడమ, వెనక కుడి అసలు పరీక్ష. తల అటూ ఇటూ తిప్పండి, కిటికీకి ఆనించండి. ఒకసారి బండి ఆపి, ఒకసారి నడుస్తుండగా వినండి. ఏసీ ఫుల్లుగా పెట్టి డెమో ఇస్తుంటే ఫ్యాన్ తగ్గించమనండి. ఆ హోరు లోపాల్ని కప్పేస్తుంది.

'20 డెసిబెల్స్ తేడా వస్తుంది సర్' అన్నాడు. అది ఎక్కువా, తక్కువా?

అంకె మంచిదే. 20 డెసిబెల్స్ అంటే శబ్దపు శక్తి నూరోవంతు. కానీ చెవి లెక్క వేరు: 10 డెసిబెల్స్ తగ్గితే మనకి సౌండ్ సగమైనట్టు అనిపిస్తుంది, 20 తగ్గితే పావు వంతు. పావు వంతు సౌండ్‌తో తెలుగు సీరియల్ పక్కన మోగుతుంటే, మీ సీట్లో ఏమీ పెట్టకపోతే స్పష్టంగానే వినిపిస్తుంది. పైగా ఆ 20 ఏ ఫ్రీక్వెన్సీల్లో, ఏ రెండు సీట్ల మధ్య, తల కదపకుండానా కదిపా అన్నది చెప్పకపోతే అంకెకి అర్థం లేదు.

ఈవీలో (కరెంటు కారులో) బాగా పనిచేస్తుందా, పెట్రోల్ కారులోనా?

వినడానికి వింతగా ఉంటుంది గానీ, నిశ్శబ్దంగా ఉండే కారులోనే పక్క సీటు లీకు ఎక్కువ తెలుస్తుంది. టైర్ల హోరు, ఇంజిన్ మోత ఆ లీకుని కప్పేస్తాయి. ఈవీలో బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆగారంటే కప్పేది ఏదీ ఉండదు. హైవే మీద వేగం అందుకున్నాక రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఈవీ కొనేవాళ్లు బండి ఆపి ఉన్నప్పుడే గట్టిగా టెస్ట్ చేసుకోవాలి.

కెమెరా, మైకులు ఎప్పుడూ ఆన్‌లో ఉంటాయా? మా మాటలు బయటికి పోతాయా?

తల ఎక్కడుందో కనిపెట్టడానికీ, శబ్దం సరిచేయడానికీ ఆ డేటా కారు దాటి వెళ్లాల్సిన అవసరం లేదు. అక్కడికక్కడే లెక్క కట్టి వదిలేయవచ్చు. మీ కారులో అలా జరుగుతోందో లేదో ప్రైవసీ పాలసీలో ఉంటుంది. కనెక్టెడ్ కార్ యాప్‌లో అనుమతులు చూసి, అక్కర్లేనివి ఆపేయండి. వ్యక్తిగత డేటా మీద మన దేశంలో 2023లో చట్టం వచ్చింది కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.

## ఇంటికి తెచ్చాక

ఇద్దరి ఫోన్లూ కనెక్ట్ అయ్యాయి, కానీ పాట ఒకరిదే వస్తోంది. ఏంటిది?

రెండు ఫోన్లు కనెక్ట్ అవడం వేరు, రెండింటి నుంచీ ఒకేసారి పాట రావడం వేరు. చాలా కార్లు రెండో ఫోన్‌ని కాల్స్ కోసం మాత్రమే ఉంచుకుంటాయి. అలాంటప్పుడు ఒకరు బ్లూటూత్, ఇంకొకరు యూఎస్‌బీ గానీ కారు స్క్రీన్‌లోని యాప్ గానీ వాడి చూడండి. వీడియో చూసేవాళ్లకి స్క్రీన్‌లోని యాపే నయం, పెదాలకీ మాటకీ పొంతన తప్పదు.

కొత్త సీటు కవర్లు వేయించాం. అప్పట్నుంచీ అంతా కలగాపులగంగా ఉంది.

కవరే కారణం అయ్యుంటుంది. మందపాటి రెక్సిన్ హెడ్‌రెస్ట్ స్పీకర్ మీద పడితే మాటకి స్పష్టత ఇచ్చే పై ఫ్రీక్వెన్సీలు ఆగిపోతాయి. మీరు సౌండ్ పెంచుతారు, పక్కకి లీకు పెరుగుతుంది. హెడ్‌రెస్ట్ కవర్లు తీసేసి వినండి. తల వెనక వేసే తువ్వాలు, నెక్ పిల్లో కూడా ఇంతే. మా తెలుగిళ్ల కార్లలో ఈ తువ్వాలు ఎన్ని ట్యూనింగులు చెడగొట్టిందో! సీట్లో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దానికి తగిన కవరే వేయించాలి. అది పాట కన్నా ముఖ్యం.

అమ్మ పొట్టిగా ఉంటుంది, కొప్పు వల్ల తల ముందుకి ఉంటుంది. ఆవిడకి సరిగ్గా వినపడట్లేదు.

చెవి, హెడ్‌రెస్ట్ స్పీకర్ ఒకే ఎత్తులో ఉండేలా ముందు హెడ్‌రెస్ట్ దించండి. తల ముందుకి ఉంటే సీటు వాలు కొంచెం తగ్గించండి. కెమెరాతో తలని పట్టుకునే సిస్టమ్ అయితే కొంత సర్దుకుంటుంది. సీటు పొజిషన్ మాత్రమే చూసేదైతే ఆవిడ కొప్పు సంగతి దానికి తెలియదు. పెద్దవాళ్లకి మాట అర్థం కావట్లేదంటే సౌండ్ పెంచడం కన్నా బేస్ తగ్గించి ట్రెబుల్ కొంచెం పెంచడం మేలు.

పాప చైల్డ్ సీట్లో ఉంటుంది. తన జోన్ పనిచేస్తుందా?

హెడ్‌రెస్ట్ స్పీకర్ల మీద ఆధారపడిన జోన్ అయితే, దాదాపు పనిచేయదు. చైల్డ్ సీటు వీపు ఆ స్పీకర్లకి అడ్డం వస్తుంది, పాప తల కిందికి ఉంటుంది. వెనక్కి తిరిగి ఉండే సీటైతే చెప్పక్కర్లేదు. పాప కోసమే జోన్లున్న వేరియంట్‌కి డబ్బు పెట్టొద్దు.

వెనక మధ్యలో కూర్చున్నవాళ్ల గతేంటి?

రెండు పాటలూ వాళ్లకే. అటూ ఇటూ జోన్ల మధ్య సరిహద్దులో ఉంటారు కాబట్టి వాళ్లకంటూ ఏదీ మిగలదు. ఐదుగురు వెళ్లేటప్పుడు వెనక సీటు మొత్తాన్ని ఒకే జోన్‌గా పెట్టుకోండి.

## రోడ్డు మీద

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే రెండు పాటలూ కలిసిపోతాయి. కాసేపయ్యాక సరిపోతుంది. పాడైందా?

పాడవలేదు. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర సెకనుకి సుమారు 346 మీటర్లు, 50 డిగ్రీల దగ్గర సుమారు 360. చెరిపేసే లెక్క అంతా శబ్దం ఏ క్షణానికి చేరుతుందన్న దాని మీదే నడుస్తుంది కాబట్టి ఈ నాలుగు శాతం తేడా చాలు, అంతా చెడటానికి. చెన్నైలో మే నెల మధ్యాహ్నం పార్కింగ్ నుంచి తీసిన కారులో ఇది బాగా తెలుస్తుంది. ఏసీ క్యాబిన్‌ని చల్లబరిచాక సర్దుకుంటుంది. చల్లబడ్డాక కూడా కలిసిపోతుంటే అప్పుడు చూపించండి.

కిటికీ దించితే?

జోన్ తేడా పడిపోతుంది. అద్దం నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని కూడా లెక్కలో వేసుకుని చేసిన ట్యూనింగ్ అది. సన్‌రూఫ్ తెరిచినా అంతే.

ఆఫీసు కాల్ మాట్లాడుతుంటే వెనకవాళ్లకి వినపడదా?

అవతలివాళ్ల మాట మీ సీటు వరకే ఉంచవచ్చు, మాటకి కావాల్సిన ఫ్రీక్వెన్సీలు విడదీయడానికి అనువైనవే. మీరు మాట్లాడేది మాత్రం అందరూ వింటారు. మీ గొంతుకి జోన్ లేదు. అప్రైజల్ సంగతులు, జీతం సంగతులు బండి ఆపి, దిగి మాట్లాడుకోండి. పిల్లల అల్లరి అవతలివాళ్లకి వినపడకుండా ఉండటం ఇంకో పని. మీ సీటు వైపు నుంచి వచ్చే గొంతునే మైకులు ఏరుకోవాలి, దాన్ని విడిగా టెస్ట్ చేయాలి.

డ్రైవర్‌కి సైరన్, హారన్ వినపడవేమోనని టెన్షన్.

న్యాయమైన భయమే. జోన్ సిస్టమ్ బయటి శబ్దాన్ని ఆపదు, అది లోపలి స్పీకర్ల సంగతి. ప్రమాదం సౌండ్ ఎక్కువ పెట్టుకోవడం వల్లే. చెవికి అంత దగ్గర స్పీకర్ ఉన్నప్పుడు తక్కువ సౌండ్ చాలు, అలాగే ఉంచండి. డ్రైవర్ జోన్‌లో మ్యాప్ మాటలు, పార్కింగ్ సెన్సర్ బీప్ లాంటివి పాటని తగ్గించి ముందుకొస్తున్నాయో లేదో మొదటి వారంలోనే చూసుకోండి. నడిపేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకుని పాట మార్చడం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. స్టీరింగ్ మీది బటన్లు వాడండి.

రోజంతా చెవి పక్కనే స్పీకర్ ఉంటే పిల్లల చెవులకి మంచిదేనా?

దూరం కాదు, చెవికి చేరే సౌండ్, అది ఎంతసేపు అన్నవే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్స్, పిల్లలకి 75 డెసిబెల్స్ హద్దుగా సూచించింది. హైవే రొద మీద పాట వినపడాలని పెంచుకుంటూ పోతే ఈ హద్దు తెలియకుండానే దాటతాం. పిల్లల జోన్‌కి గరిష్ఠ సౌండ్ లాక్ ఉంటే పెట్టేయండి.

## పాత కారుకి పెట్టించాలంటే

బెంగళూరు జేసీ రోడ్డులోనో, చెన్నై జీపీ రోడ్డులోనో అడిగితే చేసిపెడతామన్నారు. చేయించవచ్చా?

స్పీకర్లు బిగిస్తారు, అందులో వాళ్ల చేయి తిరిగినదే. కానీ మీ కారు మోడల్ క్యాబిన్‌ని సీటు సీటుకీ కొలిచి, చెరిపేసే లెక్క వేసి ట్యూన్ చేయడం దుకాణంలో మధ్యాహ్నానికి అయ్యే పని కాదు. దగ్గరితనం వల్ల వచ్చే లాభం వరకే దక్కుతుంది. హెడ్‌రెస్ట్‌ని మాత్రం కోయనివ్వకండి. వెనక నుంచి గుద్దుకున్నప్పుడు మెడని కాపాడేది అదే. కంపెనీ వైరింగ్‌ని కత్తిరించి అతికిస్తే వారంటీ దగ్గర మాట పడతారు.

ఆన్‌లైన్‌లో అల్ట్రాసోనిక్ స్పీకర్ చూశాను, టార్చ్ వెలుగులా సూటిగా పోతుందట. అది పెడితే?

అది నిజమైన టెక్నాలజీయే, మ్యూజియాల్లో వాడతారు. మనకి వినపడని అల్ట్రాసౌండ్ మీద పాటని ఎక్కించి పంపితే గాలిలోనే అది వినపడే శబ్దంగా మారుతుంది. కారులో రెండు ఇబ్బందులు: అద్దానికి తగిలి పక్కవాళ్ల మీదికి తిరిగొస్తుంది, బేస్ దాదాపు ఉండదు. నేనైతే కొనను.

ఇంత గొడవ ఎందుకు, హెడ్‌ఫోన్స్ చాలవా?

వెనక కూర్చున్న ఇద్దరు పిల్లల కోసమే అయితే చాలు, నిజంగా చాలు. విడదీయడంలో ఏ జోన్ సిస్టమూ మామూలు హెడ్‌ఫోన్‌కి సాటి రాదు. జోన్లు నయం అనిపించేది మూడు చోట్ల: చెవిలో ఏదీ పెట్టుకోకూడని డ్రైవర్‌కి, చెవిలో పెట్టుకోవడం ఇష్టంలేని పెద్దవాళ్లకి, పాట వింటూనే మధ్యమధ్య మాట్లాడుకోవాలనుకునేవాళ్లకి. బెంగళూరు నుంచి కోలారు, పలమనేరు మీదుగా తిరుపతి వెళ్లేటప్పుడు అందరూ చెవులు మూసుకుని కూర్చుంటే డ్రైవర్‌కి కబుర్లు చెప్పేవాళ్లే ఉండరు. వీటిలో ఏదీ మీ ఇంట్లో లేకపోతే హెడ్‌ఫోన్లే కొనండి.

## తేడా వస్తే

ఒక సీటు దగ్గర మాత్రం పక్క పాట ఎక్కువ వినపడుతోంది. సర్వీస్ సెంటర్‌లో 'నార్మల్ సర్' అంటున్నారు.

వాళ్లు పాట పెట్టి వింటారు, వస్తోందంటారు, పంపేస్తారు. మీరు పరీక్ష పెట్టి వెళ్లండి. కిటికీలు మూసి, క్యాబిన్ చల్లబడ్డాక, హెడ్‌రెస్ట్ కవర్లు తీసి, ఒకే వార్తల క్లిప్‌ని ఒకే సౌండ్‌లో మొదట ఎడమ జోన్‌కీ తర్వాత కుడి జోన్‌కీ పంపండి. ప్రతిసారీ అవతలి సీట్లో తల ఉండే చోట ఫోన్ పట్టుకుని రెండుసార్లూ రికార్డ్ చేయండి. రెండు రికార్డింగుల్లో తేడా కొట్టొచ్చినట్టు ఉంటే ఒక స్పీకర్ మోగట్లేదు, లేదా ఒకదాని వైర్లు తారుమారుగా కలిశాయి. వైర్లు తారుమారైతే పాట మామూలుగానే మోగుతుంది, అందుకే 'నార్మల్' అంటారు. చెరిపేయాల్సిన తరంగం మాత్రం వెళ్లి కలిసి బలపడుతుంది. డోర్ ప్యాడ్ లేదా సీటు ఏదైనా రిపేరుకి విప్పిన తర్వాత మొదలైందా అన్నది గుర్తు తెచ్చుకుని జాబ్ కార్డులో రాయించండి. ప్రతి స్పీకర్‌నీ విడివిడిగా మోగించే టెస్ట్ మోడ్ సర్వీస్ టూల్‌లో ఉందేమో అడిగి, ఆ టెస్ట్ మీ ఎదుటే చేయమనండి.